భుజం తట్టుకునే పిల్ల

కోదాడ కాలేజీలో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి, లారీ డ్రైవర్ కూతురు, తప్పు చేసినప్పుడల్లా తన భుజం తానే మెల్లగా తట్టుకునేది. ఫోన్ వదల్లేకపోతున్నానని, రోజూ పొద్దున్నే తనే తెచ్చి నా సొరుగులో పెట్టేది.

ఒక సోమవారం, "నిన్న పొద్దంతా ఫోన్లనే ఉన్న సార్" అంది. తిట్టబోయాను. అప్పటికే భుజం తట్టుకుంటోంది.

"సిమెంట్ లోడుతోటి ఎత్తెక్కలేక లారీ ఆగిపోతే మా నాయన తిట్టడు సార్. బానెట్ తట్టి, జర సల్లారనిచ్చి, మళ్ల స్టార్ట్ చేస్తడు. నేను గూడ గంతే."

పరీక్షల ముందు ఖాళీ చేతులతో వచ్చింది. "ఇగ ఫోన్ నా సంచిలనే ఉంటది సార్. నేను సూసుకుంట."

ఆ పిల్ల నా విద్యార్థిని అని అందరికీ గర్వంగా చెప్పుకుంటాను. మొన్న మార్కులు కూడడంలో పొరపడ్డాను. తల కొట్టుకోబోయిన చెయ్యి, ఆగి, భుజం తట్టింది.