చచ్చిన పురుగు గీసిన గ్రాఫ్

మా ల్యాబ్‌ల పురుగు అంటే కంటికి ఆనీ ఆననంత. ఒళ్లంతా కలిపినా నరాల కణాలు మూడొందల చిల్లర. గంత చిన్న మెదడున్నదాని ఎనక పీహెచ్‌డీ కోసం ఏండ్లకేండ్లు తిరిగిన, ఇగ ఎవలి మెదడు చిన్నదో మీరే చెప్పాలె.

పని చూస్తే గింతే. పురుగు తలల నరాలు పనిచేసినప్పుడల్లా ఆకుపచ్చగ వెలుగుతయి. అవి వెలిగినప్పుడు పురుగు ముందుకు పోతదా, ఎనకకు జరుగుతదా చూడాలె. ఆ ఎండకాలం నాకు గ్రాఫ్ దొరికింది. మెదడు గీత లేస్తే కదలిక గీత లేస్తున్నది, అది పడితే ఇది పడుతున్నది. మా గైడ్ సార్ కళ్లద్దాలు తుడుచుకుని మల్ల చూసిండు. రేపు కమిటీకి చూపిద్దాం, ఇగ థీసిస్ రాసుకో అన్నడు. రామంతాపూర్‌ల మా అమ్మకు చెప్తే, ఎంబడే నల్లకుంట పిన్నమ్మకు ఫోన్ చేసి బిడ్డ డాక్టర్ అయిందన్నది. పిన్నమ్మ తన మోకాళ్ల నొప్పి గురించి అడిగిందట.

ఆ ఖుషీల ఇంకో పురుగును రికార్డింగుకు పెట్టి తార్నాకకు చాయ్ తాగపోయిన. ముచ్చట్లల్ల పడి లేటయింది. వచ్చి చూస్తే స్లైడ్ మీద నీళ్లు ఎండిపోయినయి, పురుగు పుల్లలెక్క బిగుసుకుపోయింది. గ్రాఫ్ మాత్రం ఎప్పటిలెక్కనే లేస్తున్నది, పడుతున్నది. సచ్చినంక కూడా ఆలోచిస్తున్నది మహాతల్లి.

అప్పుడు కిటికీల ఏసీ గుర్రుమన్నది. బల్ల వణికింది, పురుగు తల ఫోకస్ తప్పింది, వెలుగు మారింది, ఆ వణుకే కదలిక లెక్కల కూడా పడ్డది. ఏసీ ఆగితే రెండు గీతలు పడ్డయి. ఇన్నాళ్లు నేను కొలిచింది మా ఏసీ మెదడును. ఆ ఫైల్ తీసేస్తే ఎవలికీ తెల్వదు అని కూడా అనిపించింది. కానీ రేపు కమిటీ ముందట సచ్చిన పురుగును బతికున్నదని చెప్పుడు నాతోని కాదు. సార్ రూంకు పోయిన.

"సార్, పురుగు సచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"గ్రాఫ్ మంచిగ వస్తున్నప్పుడే."

సార్ నవ్వలే, తిట్టలే. వచ్చి ఏసీ బంద్ చేసిండు. గీత చాపలెక్క పరుచుకున్నది. కమిటీకి ఫోన్ చేసి, ఇంకో ఏడాది పడతదని చెప్పిండు.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసిన. ఈ ఏడు డాక్టర్ కాలేనని, ఎందుకో మొత్తం చెప్పిన. ఏడుపు ఆగలే. అమ్మ ఒక్కటే అడిగింది.

"బతికున్న పురుగుతోని మల్ల చేస్తవా, బిడ్డా?"

చేస్తా అన్న.

"అయితే చెయ్. పిన్నమ్మకు నేను చెప్పుకుంటా."