ఓనరమ్మగారి సీసాల మీద నా సిద్ధాంతం

ఆ రోజుల్లో నాకు ఎవరిని చూసినా ఒక సిద్ధాంతం తట్టేది. బస్సు కోసం ఓపిగ్గా నిలబడ్డవాళ్లని చూసినా సరే, ఇది ఫలానా వ్యవస్థ పోయాక మిగిలిపోయిన లక్షణం అని గభాలున ఒక పేరు పెట్టేసేదాన్ని. అమెరికా వచ్చిన మావాళ్లందరూ కంప్యూటర్లు చదువుతుంటే, నేనొక్కదాన్నే సోషలిజం కూలిపోయిన దేశాల్లో మనుషులూ అలవాట్లూ ఎలా మారుతున్నాయో చదవడానికి వచ్చాను. (ఎందుకని అడక్కండి. అప్పట్లో చెప్పుకోవడానికి చాలా గొప్పగా ఉండేది.) ఆష్‌బర్న్‌లో ఉండే మా అక్కకి మాత్రం ఇది ఏనాడూ మింగుడుపడలేదు. "ఆ దేశాలు మారితే మారనీవే, లేకపోతే పోనీ. నీకు జాబ్ వస్తుందా రాదా, అది చెప్పు" అనేది. "అసలు మారడం అనే మాటే తప్పక్కా. అలా అంటే వాళ్లంతా చివరికి అమెరికాలాగే అయిపోతారని మనం ముందే తేల్చేసినట్టు. అందుకని కొందరు సంధి దశ అంటారు, కొందరు రూపాంతరం అంటారు, మా ప్రొఫెసర్‌గారు రెండూ కాదంటారు" అని వివరించేదాన్ని. "మరి ఆయనేమంటాడే?" "ఆయన పుస్తకం ఇంకా రాలేదక్కా." అక్క ఫోన్ పెట్టేసేది.

నా అదృష్టమో ఆవిడ గ్రహచారమో గానీ, యూనివర్సిటీ దగ్గర నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి ఓనరమ్మగారు తూర్పు యూరప్‌లో అచ్చం అలాంటి దేశం నుంచే వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ వంటింటి అలమరలో పై అర నిండా ఖాళీ గాజు సీసాలు ఉండేవి. కడిగి, ఆరబెట్టి, ఒక్కో మూత మీద కాగితం ముక్క అంటించి, దాని మీద తన భాషలో ఏదో రాసి పెట్టేవారు. అవి నెలనెలా పెరిగేవి. వాటితోపాటు నా థీసిస్ కూడా పెరిగింది. యవ్వనమంతా దుకాణాల ముందు క్యూలలో గడిపిన మనిషి, ఏ వస్తువు ఎప్పుడు దొరకకుండా పోతుందోనన్న భయం, సూపర్‌మార్కెట్ పక్కనే ఉన్నా నమ్మలేని మనసు! మూతల మీది కాగితాలకైతే 'ప్రణాళికా యుగపు స్మృతి' అని పేరు పెట్టాను. (ఆవిడ లిపి అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదవగలను. చేతిరాత మాత్రం ఒక్క అక్షరం రాదు. ఈ సంగతి థీసిస్‌లో రాయలేదు.) ఆవిడనే ఒక్కమాట అడిగితే పోయేది. కానీ అడిగితే మనుషులు సర్దుకుని చెబుతారు, అడక్కుండా గమనించడమే శాస్త్రం అని ప్రొఫెసర్‌గారు సెలవిచ్చారు. నాకూ అదే సుఖంగా అనిపించింది.

ఆ సీసాల మీదే నా డిఫెన్స్ పెట్టారు. అంటే కమిటీ ముందు నిలబడి నా సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవాలి. అది పోతే అసిస్టెంట్‌షిప్ పోతుంది, దాంతో వీసా పోతుంది. అక్క లీవ్ పెట్టి మరీ డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. వస్తూ వస్తూ, బ్యాగ్ పడేయడానికి మా ఇంటి దగ్గర ఆగి, ఓనరమ్మగారిని కూడా కార్‌లో ఎక్కించుకొచ్చింది! "నీ ప్రోగ్రామ్ అని చెప్తే ఎంత సంబరపడిందో తెలుసా, లిప్‌స్టిక్ కూడా వేసుకుందే పాపం" అంది నా చెవిలో. తెర మీద అలమర ఫొటో ఇంత పెద్దదిగా పడగానే, ఆవిడ పక్కవాళ్ల భుజం తట్టి, "అది మా వంటిల్లే" అని ముచ్చటగా చూపించారు.

అరగంటసేపు కొరత గురించీ, భయం గురించీ దంచేశాను. ప్రశ్నలు అడగమనగానే ఆవిడ బళ్లో పిల్లలా చెయ్యెత్తారు. "నువ్వు మా ఇంట్లో దిగిన వారంలో మీ అక్క ఇచ్చిన పచ్చడి కవరు చిరిగిపోయింది. ఖాళీ సీసా ఉందా అని నన్ను అడిగావు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. అంతకుముందు అన్నీ పారేసేదాన్ని. ఇంటికొచ్చిన పిల్లకి సీసా ఇవ్వలేకపోయానే అని ఎంత సిగ్గేసిందో! అప్పట్నుంచి దాస్తున్నాను, మళ్లీ అడుగుతావేమోనని. నువ్వేమో రోజూ వచ్చి వాటిని చూసి వెళ్లిపోతావు. మొహమాటం అనుకున్నాను" అన్నారు. కమిటీలో ఒకావిడ, "మరి ఆ కాగితాలు?" అని అడిగారు. "దేంట్లో ఏముండేదో రాశాను. ఈ అమ్మాయి చేపలు తినదు కదా, పొరపాటున ఆ సీసా తీసుకుంటుందేమోనని."

గదంతా గొల్లున నవ్వింది. భూమి చీలితే అందులోకి దూకేద్దామనిపించింది. ఇక ఇండియా ఫ్లైట్ బుక్ చేసుకోవడమే అనుకుంటుండగా మా ప్రొఫెసర్‌గారు లేచారు. "చూశారా! కొరత జ్ఞాపకం ఎంత లోతుగా పాతుకుపోయిందో, అది తనలో ఉందని ఆవిడకే తెలియడం లేదు!" కమిటీ తలలూపింది. నేను పాసయ్యాను.

తిరుగు దారిలో అక్క, "సంతోషం గానీ, ఇంతకీ మీ సార్ రైటా, ఈవిడ రైటా?" అంది. వెనక సీట్లో ఓనరమ్మగారు నా భుజం నిమురుతూ, "బాగా మాట్లాడావు" అంటున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్లు ఆ మనిషి ఇంట్లో ఉండి, సీసాలనే చూశాను తప్ప ఆవిడ మొహం వంక చూడలేదు. ఇంటికెళ్లగానే అక్క తెచ్చిన ఆవకాయ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఒక సీసా ఇస్తారా?" అని అడిగాను. ఆవిడ స్టూలెక్కి, ఒక్కోటీ తీసి, మూత విప్పి వాసన చూసి, ఐదు పక్కన పెట్టి ఆరోది ఇచ్చారు. పరీక్ష పాసైంది నేను కాదు, ఆవిడే అన్నట్టుంది ఆ మొహం.

ఇప్పుడు నేనే ప్రొఫెసర్‌ని. ఫ్రిస్కోలో మా ఇంటి వంటగదిలో కూడా పై అర నిండా ఖాళీ సీసాలే. మొన్నొకరోజు మా స్టూడెంట్ ఒకమ్మాయి భోజనానికి వచ్చి, వాటిని చూసి ఆగిపోయింది. ఆ కళ్లలో మెరుపు నాకు బాగా తెలుసు. నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలెట్టింది. ఎందుకు దాస్తున్నారని ఒక్కమాట అడుగుతుందేమోనని భోజనమైనంతసేపూ చూశాను. అడగలేదు. వెళ్లేటప్పుడు మిగిలిన పప్పు ఒక సీసాలో పోసి చేతికిస్తూ, "ఇందులో ఎప్పుడూ చేపలు లేవమ్మా, భయం లేదు" అన్నాను. పిచ్చిపిల్ల, అది కూడా రాసుకుంది.