ఎవరి తరఫున?

ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ముందు చెప్పకుండా లక్ష్మీపతిగారు నోరు విప్పేవారు కాదు. ఆవలింతలకు మాత్రం మినహాయింపు ఉండేదని ఆయన భార్య చంద్రిక అంటుంది. ఆయన పోయి ఏడాదైంది. ఆ మాట చెప్పబోతే ఆమెకు ఇప్పటికీ నవ్వే ముందొస్తుంది.

తప్పంతా ఉద్యోగానిది. పరాయి ప్రభుత్వాల కోసం అమెరికా నాయకుల దగ్గర పైరవీ చేసే ఏజెంట్లు తాము ఎవరి మనుషులో, ఏం పుచ్చుకున్నారో బయటపెట్టి తీరాలని అక్కడ చట్టం. వాషింగ్టన్‌లో ఒక లా ఆఫీసులో ఆ కాగితాలు సరిచూడటమే ఆయన పని. సాయంత్రానికి ఆఫీసు మూసేవారు గానీ చట్టాన్ని మూసేవారు కాదు.

"ఏమండీ, ఈ చీర ఎలా ఉంది?"

"బాగుంది. కానీ నేను నీ చేతి వంట తినేవాణ్ణి. అది దృష్టిలో పెట్టుకో."

స్నేహితుడు ఆంజనేయప్రసాద్ ఒకసారి, "మీ వీధిలో ఇల్లు కొనమంటావా?" అని అడిగాడు.

"కొను. నువ్వొస్తే రోజూ నీ కార్లో ఆఫీసుకెళ్లొచ్చని నా ఆశ."

అతను వేరే ఊళ్లో కొనుక్కున్నాడు.

గుళ్లో పూజారి గోత్రం, పేర్లు అడిగి సంకల్పం చెప్పిస్తుంటే, "చూశావా, మనవాళ్లు ఈ చట్టం ఎప్పుడో చేశారు!" అని మురిసిపోయేవారు.

2009 వేసవిలో ఒక ఆదివారం, పాతికేళ్లుగా స్నేహితుడైన డాక్టర్ సూర్యప్రకాశరావు "ఊరికే భోజనానికి రండి" అన్నాడు. వెళ్తే అక్కడ భాస్కర్, నరసింహ కూడా ఉన్నారు. ఇద్దరూ డాక్టర్లే. సూర్యప్రకాశరావు కూతురు శ్రుతి, వచ్చిన మెడికల్ సీటు వదిలేసి వినపడని పిల్లల బళ్లో టీచరవుతానంటోంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తడం లేదు.

"డాక్టరంటే ఆ గౌరవమే వేరు," అన్నాడు భాస్కర్, గోడతో.

"పాపం, టీచర్లకి బీపీ ఎక్కువ. నా పేషెంట్లలో సగం వాళ్లే," అన్నాడు నరసింహ, పెరుగన్నంతో.

శ్రుతి కంచంలోంచి తలెత్తలేదు. లక్ష్మీపతిగారు గొంతు సవరించుకున్నారు. చంద్రిక బల్ల కింద ఆయన కాలు తొక్కింది.

"అమ్మా శ్రుతీ, మేం ఊరికే రాలేదు. నీ మనసు మార్చమని మీ నాన్న పిలిపించాడు. మేం ముగ్గురం ఆయన మనుషులం. పుచ్చుకున్నది గుత్తొంకాయ కూర."

"ఒరేయ్ లక్ష్మీపతీ!" అన్నాడు సూర్యప్రకాశరావు.

"ఉండరా. ఈ పిల్ల తరఫున ఎవరొచ్చారు?"

భాస్కర్ గోడ వైపు, నరసింహ పెరుగన్నం వైపు చూశారు.

"అయితే నేను పార్టీ మారుతున్నాను. అది కూడా చెప్పే మారాలి." చంద్రిక ఆయన కాలి మీంచి తన కాలు తీసేసింది. "చెప్పమ్మా. నువ్వు చెప్పిందాకా వీళ్లెవరూ మాట్లాడరు."

"అంకుల్... ఆ స్కూల్లో ఒక బాబు ఫస్ట్ టైమ్ చేత్తో సైన్ చేసి నా నేమ్ చెప్పాడు. ఆ రోజు కార్లో కూర్చుని ఏడ్చేశాను. హ్యాపీగా. హాస్పిటల్లో వాలంటీర్ చేసినప్పుడు నాకు అలా లేదు."

సూర్యప్రకాశరావు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"అడగలేదు కదా డాడీ."

సూర్యప్రకాశరావు కూతురి కంచంలో మరో వంకాయ వేశాడు. "సీటు ఏడాది ఆపమని కాలేజీని అడుగుదాం. ముందు ఆ బడి నాకు చూపించు."

కారెక్కాక చంద్రిక మొగుణ్ణి కొత్తగా చూసింది. ఎవరి వెనక ఎవరున్నారని ఈయన ఇన్నాళ్లూ అందర్నీ వేధించింది, వెనక ఎవరూ లేనివాళ్లని కనిపెట్టడానికి కాబోలు. అయినా ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇన్నేళ్లలో నా తరఫున ఒక్కసారైనా మాట్లాడారా?"

ఆయన ముందుమాటేమీ లేకుండా జవాబిచ్చారు.

"నీకు ఏజెంటెందుకే? నువ్వే ప్రభుత్వం."