శిరీన్ బొమ్మలు శనివారం హాల్లోనే ఉంటాయి

నవంబర్ 14, 2023, మంగళవారం. వాన్ నగరం, కెనడా.

శిరీన్ నిన్న ఉదయం చనిపోయింది. శనివారం చర్చి హాల్లో ఆమె బొమ్మల ప్రోగ్రాం ఉందా లేదా అని మన చర్చి వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అందరికీ ఒకేసారి చెప్పాలని ఇది రాస్తున్నాను.

వేర్‌హౌస్ షిఫ్ట్ ముగించుకుని బస్‌స్టాప్‌కు రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. హాస్పిటల్ నుంచి నా మనవరాలు లేయా ఫోన్ చేసింది.

ఆమె కోసం నానబెట్టిన బియ్యం ఇంకా గిన్నెలోనే ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం: శిరీన్ చదువు కోసం ఇరాన్ నుంచి వచ్చిన చిత్రకారిణి. వయసు ఇరవై తొమ్మిది. స్టూడెంట్లకు గదులు దొరకని కిందటేడు సెప్టెంబర్‌లో మా బేస్‌మెంట్‌లోకి వచ్చింది. పద్నాలుగు నెలల తొమ్మిది రోజులు ఉంది.

లేయా వయొలిన్ వాయిస్తుంది. అది వాయిస్తున్నంతసేపే శిరీన్ కుంచె కదలాలి. వయొలిన్ ఆగితే, గీత ఎక్కడుంటే అక్కడే వదిలేయాలి. అదీ వాళ్ళ పద్ధతి.

"పూర్తి చేయకూడదా?" అని ఒకసారి అడిగాను.

"మా దగ్గర ఆడవాళ్ళను మాట మధ్యలోనే ఆపేస్తారు, గ్రాండ్‌మా. అదే గీస్తున్నాను."

మొత్తం పదిహేడు బొమ్మలు. అందరూ ఆమె ఎరిగిన ఆడవాళ్ళే, తల మీద గుడ్డ లేకుండా. ఒకటి చెల్లెలిది. తల కప్పుకోకుండా కాలేజీకి వెళ్ళిందని జైల్లో పెట్టి, తర్వాత వదిలారు. ఆ బొమ్మలో మెడ దగ్గర మూడే గీతలు.

ఇప్పుడు నా తప్పు.

శిరీన్ వచ్చిన మొదటి ఆదివారం భోజనానికి పిలిచాను. ప్రార్థనప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళం కొంగు కప్పుకుంటాం కదా. ఆమెకు కొంగు లేదు. సొరుగులోంచి స్కార్ఫ్ తీసి, నా చేతులతోనే ఆమె తల మీద వేశాను.

ఆమె కదల్లేదు. ఆమెన్ అన్నాక తీసి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. అన్నం ముట్టకుండా కిందికి వెళ్ళిపోయింది.

"అమ్మమ్మా, డూ యూ ఈవెన్ నో వై షీ లెఫ్ట్ హోమ్?" అని లేయా అరిచింది.

"ప్రార్థనకే కదే వేశాను!"

ప్రార్థనకే. అక్కడ వాళ్ళూ దేవుడి పేరే చెబుతారని నాకు తట్టలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు టీచరుగా పిల్లల చేత "తప్పయింది" అనిపించాను. ఆమెతో ఆ మాట నేను అనలేదు. మర్నాడు పప్పన్నం పట్టుకెళ్ళాను, తినేసింది. సరిపోయిందనుకున్నాను.

సరిపోలేదు.

ఈ ఉదయం కమిటీ పెద్ద శామ్యూల్ గారు ఫోన్ చేశారు.

"అమ్మగారూ, ఆ అమ్మాయే లేదు, ఇంకెందుకండీ? క్యాన్సిల్ చేసేద్దాం. అయినా తలలు విరబోసుకున్న బొమ్మలు మన హాల్లోనా? ఆ రూల్ రాసింది మీరే కదా!"

"రాసింది నేనే బాబూ. కొట్టేసేదీ నేనే."

ఇక జరగవలసినవి:

1. ప్రోగ్రాం శనివారం నాలుగు గంటలకే. లేయా వాయిస్తుంది. పదిహేడు బొమ్మలూ ఉంటాయి, ఆమె పూర్తి పేరుతో.

2. స్త్రీలు తల కప్పుకోవాలని హాల్ తలుపుకు నేను అంటించిన కాగితం ఇవాళే తీసేస్తాను. కప్పుకునేవాళ్ళు కప్పుకోండి, నేనూ కప్పుకునే వస్తాను. ఇంకొకరి తల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళవద్దు.

3. అంత్యక్రియలు శుక్రవారం, ఆమె స్నేహితులు చేస్తున్నారు. వచ్చేవాళ్ళు గురువారంలోగా నాకు చెప్పండి.

4. ఆమె హాస్పిటల్లో ఉందనే తల్లికి చెప్పి ఉంచారు. ఈ సాయంత్రం చెల్లెలు నిజం చెబుతుంది. అప్పటిదాకా ఈ పోస్ట్ ఎవరూ షేర్ చేయవద్దు.

5. తర్వాత ఆ తల్లి నాతో వీడియోలో మాట్లాడుతుందట. పర్షియన్ తెలిసినవాళ్ళు ఒకరు కావాలి. మీ ఇంట్లో నా కూతురు ఎలా ఉండేదని అడుగుతుంది. బాగా చూసుకున్నామని మాత్రమే చెప్పి ఊరుకోను.

వెళ్ళు శిరీన్ తల్లీ. దేవుడు నీకు నెమ్మదినిచ్చును గాక.