ఆకాశం మీదుగా ఒక ఊఁ

శాటిలైట్ ఫోన్లు కొనేవాళ్ళకు ఏమేం కావాలో అడిగి రాసిపెట్టడం, వాటిని వాడే పద్ధతి వాళ్ళకు రాసివ్వడం నా ఉద్యోగం. నేపర్‌విల్‌లో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, జన్మలో అడుగుపెట్టని చోట్లకు ఫోన్ చేస్తుంటాను. అలాస్కాలో ఒక జాలరి, ఎడారిలో రాళ్ళు పరీక్షించే ఒకాయన, పడవ మీద ఒంటరిగా తిరిగే ఒక పెద్దావిడ. అందరూ అడిగేవి అవే: బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, నీళ్ళలో పడినా పాడవకూడదు, ఆపదలో నొక్కడానికి ఒక బటన్ ఉండాలి. వాళ్ళ మాటలు వింటూ కిటికీలోంచి మేపుల్ ఆకులు చూస్తుంటే, గది మెల్లగా పడవలా ఊగుతున్నట్టుండేది. జాలరి మాత్రం ఇంకొకటి అడిగాడు. మాట్లాడుతున్నప్పుడు అవతలి మనిషి వింటున్నదీ లేనిదీ తెలియాలట. దాన్ని సిగ్నల్ సమస్యల కింద వేసి ఊరుకున్నాను.

ఆ వేసవిలో మా అమ్మాయే అలాంటి ఫోన్ పట్టుకుని మోంటానాలో కొండెక్కింది. అడవిలో ఎక్కడ పొగ లేస్తుందోనని టవర్ మీద కూర్చుని కనిపెట్టే పని. ఆఫీసు ఉద్యోగం వదిలి మరీ వెళ్ళింది.

"చెట్లకి కాపలా కాయడానికా నిన్ను చదివించింది?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. దాని జవాబు తలుపు చప్పుడే. ఆ తర్వాత మెసేజ్‌లే, అవీ ముక్తసరిగా.

ఒక సాయంత్రం తనంతట తనే ఫోన్ చేసింది. పైన ఆకాశం అడ్డు లేకుండా కనిపిస్తేనే ఆ ఫోన్ పలుకుతుంది కాబట్టి, టవర్ చుట్టూ ఉన్న వసారాలో నిలబడిందట.

"అమ్మా, ఇక్కడ క్లౌడ్స్ నా కింద ఉన్నాయి!"

"ఊఁ," అన్నాను.

"ఆ క్లౌడ్స్‌లోంచి... హలో? ఏంటి?"

మాట అంత పైనున్న శాటిలైట్ దాకా వెళ్ళి దిగాలి. నా ఊఁ ఆలస్యంగా చేరి, దాని తర్వాతి మాటకు అడ్డం పడుతోంది.

"అమ్మా, నువ్వు ఊఁ అనకు. నా వాయిస్ కట్ అవుతుంది."

ఒకరు ఆపాక ఇంకొకరు మాట్లాడాలని కొనేవాళ్ళందరికీ రాసి ఇచ్చింది నేనే. చెప్పేవి శ్రీరంగనీతులు! కానీ ఊఁ కొట్టకుండా కథ వినడం ఎలా? చిన్నప్పుడు దానికి కథ చెబితే ఊఁ కొట్టాల్సిందే. ఊఁ ఆగిందంటే నిద్రపోయినట్టు. అప్పుడు దుప్పటి కప్పేదాన్ని.

అప్పటినుంచి అది ఫోన్ చేసే సాయంత్రాలు పెరట్లో కుర్చీ వేసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వినేదాన్ని. సరస్సు రంగు మారడం, ఎలుగుబంటి పిల్ల దారి తప్పి మెట్ల దాకా రావడం, గాలికి టవర్ మూలగడం. వచ్చీరాని తెలుగులో అది చెబుతుంటే నా పెరటి గడ్డి మీద మబ్బులు దిగినట్టుండేది. ఒక్క మాట ఎక్కువైతే ఈ కాస్తా ఆగిపోతుందేమోనని నాకు నిజంగా భయం. అందుకే కుక్కిన పేనులా ఉండేదాన్ని.

ఒకరోజు దాని గొంతు సన్నగా వచ్చింది.

"అమ్మా, లైట్నింగ్ ఇప్పుడే ఆగింది. అది వచ్చేటప్పుడు షాక్ కొట్టకుండా గ్లాస్ కాళ్ళ స్టూల్ ఉంటుంది, దాని మీద నిల్చోవాలి. ఇంతసేపు దాని మీదే ఉన్నా. ఒక్కదాన్నే."

వచ్చెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అటు అమ్మాయీ మాట ఆపింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా? ఉన్నావా?"

ఉన్నానని నేను అనేలోపే మళ్ళీ దాని గొంతు.

"ఊఁ కొట్టమ్మా. కట్ అయితే అవనీ. మళ్ళీ చెప్తా."

నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీశాను. ఊఁ అన్నాను. నా ఊఁ పైకి వెళ్ళి ఆ కొండ మీద దిగేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత అది మెరుపుల సంగతి మొదటినుంచీ చెప్పింది.