జాబితాలో లేని వ్యాసం

అమీర్‌పేటలో మా డిగ్రీ కాలేజీ ఒక భవనం మూడో అంతస్తులో ఉండేది. కింద రెండు అంతస్తుల్లోనూ కంప్యూటర్ కోర్సులే. మధ్యాహ్నం రెండయ్యేసరికి మా బి.ఏ. పిల్లల్లో సగంమంది బ్యాగులు తగిలించుకుని మైత్రీవనం వైపు జావా నేర్చుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. మిగిలిన సగానికి నేను అంతర్జాతీయ సంబంధాలు చెప్పేదాన్ని. "ఈ రోజుల్లో మీ సబ్జెక్టు ఎవరికి కావాలండీ?" అని కామర్స్ వాళ్ళు నవ్వినా పట్టించుకునేదాన్ని కాదు. కాలేజీ మొత్తానికి పరిశోధన చేసేది నేనొక్కదాన్నే అన్న గర్వం నాకు చాలేది.

నా పరిశోధన హిందూ మహాసముద్రంలోని చిన్న దేశాల విదేశాంగ విధానం మీద. సముద్రమంటే నేను చూసింది మా కాకినాడ ఒడ్డే. రాసిందంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి తీసిందే. విదేశీ పత్రికకు మూడుసార్లు పంపాను. మూడుసార్లూ పల్చటి కవరులో మర్యాదగా తిరిగొచ్చింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

అప్పుడు మా డిపార్ట్‌మెంటులో ఒకమ్మాయి లెక్చరర్‌గా చేరింది. జగిత్యాల వైపు పల్లె. నాకంటే పదేళ్ళు చిన్నది, మొదటి రోజు నుంచే నన్ను అక్కా అని పిలిచింది. క్లాసులు అయిపోగానే పంజాగుట్ట వెళ్ళి, గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఒక ఏజెంటు ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. అక్కడ వీసా కోసం ఎదురుచూసేవాళ్ళతో మాట్లాడి నోటుపుస్తకంలో రాసుకునేది. ఏడాది తిరిగేసరికి అది ఒక వ్యాసమైంది.

"అక్కా, జర చదువుతరా? మీరు బాగున్నదంటెనే పత్రికకు పంపుత," అంటూ కాగితాలు నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రమే చదివాను. ప్రభుత్వాల మధ్య కార్మిక ఒప్పందాలలో ఏముంటుంది, అది మెట్ల మీద కూర్చున్న మనిషి దాకా ఎంత చేరుతుంది అన్నది విషయం. ఒక మనిషి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న అరబీ కాగితం తీసి, "మేడమ్, దీంట్ల డ్రైవరని రాసుందా, గొర్లని రాసుందా?" అని ఆమెను అడగడంతో అది మొదలవుతుంది. ఆమెకూ అరబీ రాదు. అతన్ని వెంటబెట్టుకుని మాసబ్ ట్యాంక్‌లో అరబీ తెలిసిన ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళింది. గొర్లనే రాసుంది, అంటే ఎడారిలో గొర్రెలు కాసే పని.

చదవడం అయ్యాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాను. అంత బాగుంది. మూడు వారాలు సొరుగులో పెట్టి ఉంచి, తిరిగి ఇచ్చేటప్పుడు అన్నాను: "ఇది కథలా ఉందమ్మా. అంతర్జాతీయ సంబంధాలు అనరు దీన్ని. ఇప్పుడే పంపకు."

ఆమె తలూపింది. కానీ పంపింది. నాకు తెలిసిపోయింది. పోస్టు వచ్చినప్పుడల్లా ఆమె పేరున కవరుందేమోనని ఆమెకంటే ముందు నేనే చూసేదాన్ని. పల్చటిది రావాలని కోరుకునేదాన్ని. వచ్చింది మాత్రం లావుపాటిది. లోపల పత్రిక, అందులో ఆమె పేరు. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూమ్‌కు వచ్చి అందరికీ మిఠాయి పంచారు. నేనూ తిన్నాను, నవ్వాను, ఆమె భుజం తట్టాను. ఇంటికెళ్ళి తలనొప్పని పడుకున్నాను.

ఆ ఏడే కాలేజీకి తనిఖీ కమిటీ వచ్చింది. అధ్యాపకుల పరిశోధనలు, ప్రచురణల జాబితా తయారుచేసే పని నాకిచ్చారు. ఆదివారం అనుబంధాల్లో నేను రాసిన ముక్కలు కూడా వదలకుండా ఎక్కించాను. ఆమె వ్యాసం దగ్గర పెన్ను ఆగింది. రాయలేదు. మరిచిపోయి కాదు, తెలిసే రాయలేదు.

కమిటీలో ఒక పెద్దాయన జాబితా చూస్తూ, "గల్ఫ్ కార్మికుల మీద ఇక్కడివాళ్ళే ఎవరో మంచి వ్యాసం రాశారే, ఇందులో లేదేంటి?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. "డీటీపీ వాళ్ళు ఒక లైను ఎగరగొట్టినట్టున్నారు సార్," అన్నాను. ఎదుటి కుర్చీలో ఆమె నన్నే చూస్తోంది.

సాయంత్రం బస్టాపులో నా పక్కన నిలబడింది. అంతమంది జనంలోనూ మెల్లగానే అంది: "డీటీపీ అని చెప్పకుండ్రి అక్కా. మీరు మరిచిపోయే మనిషి కాదు. నా కాయితాలు మూడు వారాలు పెట్టుకున్నప్పుడే నాకు సమజైంది."

"ఏం సమజైంది?" అన్నాను, అప్పటికీ బింకంగానే.

"మీకు మస్తు నచ్చిందని."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, తప్పు డీటీపీ వాళ్ళది కాదు, నాదేనని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. సవరించిన జాబితా మీద నాతో సంతకం చేయించుకున్నారు. ఆమెకు క్షమాపణ చెబితే, "సరే మేడమ్" అంది. అప్పటినుంచి నేను అక్కను కాను. మరుసటి ఏడు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది.

ఆమె పాఠాలూ నాకే వచ్చాయి. ఒకరోజు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ఆ వ్యాసం క్లాసులో చదివాను, తెలుగులో చెప్పుకుంటూ. ఉన్నది తొమ్మిదిమంది. ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూసే ఒకమ్మాయి ఆ రోజు ఇటు తిరిగింది. "మేడమ్, మా నాయిన సుత గట్లనే గల్ఫ్‌కు పోయిండు. మళ్ళొకసారి చదువుండ్రి," అంది.

మళ్ళీ చదివాను. నా సముద్రం గురించి ఇన్నేళ్ళలో ఏ పిల్లా అలా అడగలేదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే, నిజం చెప్పాలంటే, జాలికంటే ముందు నాకు కలిగింది అసూయే.