పొంగారావుకి చేసిన ఫోను

నేను నమ్మనివి రెండే రెండు. ఒకటి దయ్యాలు, రెండోది పాత కార్లు అమ్మేవాళ్ల మాటలు. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. అయితే ఎనభైల మొదట్లో ఒక ఆగస్టు మధ్యాహ్నం, మిషిగన్‌లో ఒక గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోలు బంకు, పక్కనున్న ఫోను బూత్‌లో నేనొక గొంతు విన్నాను. దాన్ని ఏమనుకోవాలో నాకు తెలియదు. విన్నది విన్నట్టు చెబుతాను.

అప్పుడు నేను ఆ మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాణ్ణి. కార్ల కంపెనీలో ఇంజినీరుని. ఆ మాట వినగానే జనం కాస్త గౌరవంగా చూసేవారు. అందుకని నేను గీసేది తలుపుల హ్యాండిళ్లు మాత్రమేనని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. కారు లోపలికి ఎలా వెళ్లాలో నాకు బాగా తెలుసు. ఆ తర్వాత ఏం జరుగుతుందో అంతగా తెలియదు.

నా కారు మా బావ ఇచ్చింది. బావ అంటే మా అక్క భర్త. వాళ్లుండేది షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో. నేను వచ్చిన కొత్తలో తన పాత ఆకుపచ్చ కారు నాకిచ్చేసి, దానితోబాటు సలహాలూ ఇచ్చాడు. కారుకి అప్పటికే పదకొండేళ్లు. సలహాలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవి వచ్చేవి.

నెలకోసారి వాళ్లింటికి వెళ్లి వస్తుండేవాణ్ణి. తిరిగి ట్రాయ్ చేరగానే క్షేమంగా చేరానని కబురు పెట్టాలి. లాంగ్ డిస్టెన్స్ ఫోనంటే అందరం భయపడే రోజులు. అందుకని మనవాళ్లకో ఉపాయం ఉండేది. ఆపరేటరుతో, ఫలానా ఇంట్లో ఫలానా మనిషితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనని చెప్పాలి. ఆ మనిషి లేకపోతే కాల్‌కి చార్జీ లేదు. కాబట్టి అసలు పుట్టని మనిషిని అడగాలి. అవతలివాళ్లు "ఇంట్లో లేరండీ" అంటారు, ఆపరేటరు లైను తీసేస్తుంది, కబురు చేరిపోతుంది.

అలా మేం అడిగే లేని మనుషులకి పేర్లు బావే పెట్టాడు. క్షేమంగా చేరితే నేను చల్లారావుని అడగాలి. దారిలో ఇంజిను పొంగి ఆగిపోతే పొంగారావుని అడగాలి. బావ ఊరికే "లేరు" అని ఊరుకునే రకం కాదు. "లేరు మేడమ్. వస్తే చెబుతాను, కాస్త చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దని" అంటూ ఆపరేటరు లైను తీసేలోపల ఓ సలహా దూర్చేవాడు. నాకు అంతా వినిపించేది. తిరిగి మాట్లాడే హక్కు మాత్రం ఉండేది కాదు. మా ఇద్దరి మధ్య మామూలు సంభాషణ కూడా ఇంచుమించు అలాగే సాగేదనుకోండి.

ఆ కారుకి నేను చేసిన అపకారం కూడా చెప్పాలి. దారి పక్కన లారీ ఆపి రేడియేటర్లో బకెట్‌తో నీళ్లు పోయడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. చలికి గడ్డకట్టని కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోస్తూ వచ్చాను. సగం కూలెంట్, సగం నీళ్లు అని బావ చెప్పే ఉంటాడు. చెప్పిన వందలో అదొకటి. జనవరిలో ఆ నీళ్లు గడ్డకట్టి రేడియేటరు పగిలింది. మాట్లు వేయించాను గానీ అప్పట్నుంచి ఎక్కడో ఓ చోట బొట్టుబొట్టుగా పడుతూనే ఉండేది. కారు కదా, కారకపోతే పేరు పోతుందనుకుంది కాబోలు.

ఆ ఉగాదికి షామ్‌బర్గ్‌లో మనవాళ్లంతా ఒక స్కూలు హాల్లో కలిశారు. బావ నా భుజం మీద చెయ్యేసి గట్టిగా అన్నాడు.

"మా బామ్మర్ది కార్ల ఇంజినీరండోయ్! కార్లో ఐస్ ఫ్యాక్టరీ పెట్టిన మొదటి తెలుగువాడు. ఆఫీసులో గీసేది తలుపు పిడులు లెండి, అందుకని ప్రమాదం లేదు!"

హాలంతా నవ్వింది. నా మీద నేను వేసుకునే జోకులకి నాకే అభ్యంతరమూ లేదు, అవి నా సొంతం. అది మాత్రం గుచ్చుకుంది. భోజనం చెయ్యకుండా బయలుదేరాను. ఇల్లు చేరాక చల్లారావుని అడగలేదు. తెల్లవారేదాకా బావ ఫోను దగ్గరే కూర్చున్నాడని తర్వాత అక్క ఉత్తరం రాసింది. జవాబివ్వలేదు. రేడియేటర్లో మంచైనా కరిగింది గానీ నేను కరగలేదు. అలా ఐదు నెలలు.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోను మోగింది. అక్క.

"తమ్ముడూ, రాత్రి మీ బావకి గుండెనొప్పి వచ్చిందిరా. ఆసుపత్రిలో ఉన్నాం. వాడొచ్చాడా, వాడొచ్చాడా అని అడుగుతున్నారు. వెంటనే బయలుదేరు."

తొమ్మిదింటికి రోడ్డు మీదున్నాను. దారి పొడవునా ఒకటే మాట సాధన చేశాను. "తప్పు నాదే బావా." మూడు మాటలే. ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి.

దారిలో కలమజూ అనే ఊరు దాటిన కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి పోయింది. బానెట్ అంచుల నుంచి ఆవిరి. గ్యాస్ స్టేషన్ కనిపిస్తే అందులోకి తిప్పి ఆపాను. కింద ఆకుపచ్చటి కూలెంట్ మడుగు కడుతోంది. పాత మాటు విడిపోయిందని, ఇక ఈ కారు కదలదని అనుకున్నాను. మూత తీసి చూద్దామని చేతికి గుడ్డ చుట్టుకున్నాను కూడా. ముందు ఆలస్యమవుతుందని కబురు పెట్టాలనిపించింది. ఆసుపత్రి నంబరు అడగడం మర్చిపోయాను. ఇంట్లో ఎవరైనా స్నేహితులుంటారని బూత్‌లోకి వెళ్లి ఆపరేటరుకి ఆ నంబరే ఇచ్చాను. ఎవరు కావాలని అడిగితే, అలవాటైన నోటికి పొంగారావే వచ్చాడు.

చాలాసేపు మోగింది. ఆపరేటరు పెట్టేస్తానంటుండగా అవతల ఎవరో ఎత్తారు.

"హలో" అన్నాడు బావ.

రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకున్నాను. ఆపరేటరు పొంగారావు ఉన్నారా అని అడిగింది.

"లేరు మేడమ్. వస్తే పై గొట్టం చూసుకోమంటాను. మూత ముట్టుకోకూడదు, నలభై నిమిషాలు ఆగాలి. తర్వాత సగం, సగం" అన్నాడు ఇంగ్లీషులో, ఎప్పటిలాగే గబగబా.

"సర్, సందేశాలు చెప్పకూడదు" అంది ఆపరేటరు.

 అప్పుడు బావ తెలుగులో, నెమ్మదిగా అన్నాడు. "తొందరేం లేదు. నిదానంగా రా."

లైను తెగింది.

నా ఆనందం ఏమని చెప్పను! గుండెనొప్పి కాదన్నమాట, గ్యాసో ఏదో అయి ఉంటుంది, ఇంటికి పంపేశారు. స్టేషన్‌లో ఉన్న ముసలాయన గోడ గడియారం చూపించి ఒంటిగంట దాకా ఆగమన్నాడు. అప్పుడు పన్నెండూ ఇరవై. సరిగ్గా నలభై నిమిషాలు. చల్లారాక చూస్తే రేడియేటరు నిక్షేపంగా ఉంది. ఇంజిను నుంచి దానికి వెళ్లే పై గొట్టం బిగింపు దగ్గర చీలింది. ఆయన చీలిన ముక్క కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ బిగించి, సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి పోశాడు. ఇంజిను వేడిని లోపలికి లాగుతుందని హీటరు పెట్టుకుని నడపమన్నాడు. ఆగస్టు ఎండలో, అద్దాలు దించి, హీటరు పూర్తిగా పెట్టుకుని, చెమటతో తడిసి ముద్దై, పాటలు పాడుకుంటూ వెళ్లాను. బావ వింటే ఎంత నవ్వుతాడో అనుకున్నాను.

ఆసుపత్రికి కాదు, తిన్నగా ఇంటికి వెళ్లాను. తలుపుకి తాళం. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మెట్ల మీద కూర్చున్నాను. అరగంటకి ఎవరి కారో వచ్చి ఆగింది. అందులోంచి అక్క దిగింది.

"ఇక్కడ కూర్చున్నావేంరా? ఆసుపత్రికి రాలేదేం?"

"బావ ఇంట్లోనే ఉన్నాడుగా అక్కా" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. ఎవరో నాకు ముందే చెప్పేశారనీ, నా మతి పోయిందనీ అనుకుందట. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. బావ పొద్దున్న పదీ పదికి పోయాడు.

ట్రాయ్ గడియారం షికాగోకి గంట ముందు. ఆ గంటని నేను అటు కలిపి చూశాను, ఇటు తీసి చూశాను. ఎలా చూసినా నేను ఫోను చేసేసరికి బావ పోయి కనీసం గంటా పది నిమిషాలు.

తాళం చెవి రాత్రి నుంచీ అక్క సంచిలోనే ఉంది. ఇంకో చెవి బావ చొక్కా జేబులో, ఆసుపత్రి వాళ్లిచ్చిన కవర్లో ఉంది. తలుపు తీస్తే లోపల ఉక్క. వంటింటి గోడకి ఫోను, దాని రిసీవరు దాని కొక్కేనికి. బల్ల మీద రాత్రి సగం తాగి వదిలేసిన మజ్జిగ గ్లాసు.

రాంగ్ నంబరు అనుకుందామంటే, ఏ అమెరికావాడు నాతో తెలుగులో మాట్లాడతాడు? ఎండకి నా బుర్ర వేడెక్కి ఏదో విన్నానందామంటే, పై గొట్టం సంగతి నా బుర్రకి తెలియదు. ఫోను కంపెనీని అడిగితే, మాట్లాడని కాల్‌కి రికార్డేమీ ఉండదన్నారు. మా తెలివితేటలు అలా నాకే ఎదురు తిరిగాయి.

ఏడాది దాకా అక్కకి చెప్పలేదు. సంవత్సరీకం అయిన సాయంత్రం చెప్పాను. తను గడియారాల గురించి గానీ తాళాల గురించి గానీ ఏమీ అడగలేదు.

"గొంతులో కోపం ఉందా?" అంది.

"లేదక్కా. నవ్వుతున్నట్టే ఉంది."

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అయితే ఇంకేం కావాలిరా" అంది.

నాకు కావాలి. ఆ రోజు నా జేబు నిండా చిల్లర ఉంది. "చార్జీ నేనిస్తాను, కలపండి" అని ఆపరేటరుతో అంటే సరిపోయేది. మూడు మాటలు, అప్పటికి మూడు గంటలుగా సాధన చేసినవి. ఎలాగూ ఎదురుగానే చెబుతానుగా అనుకుని ఊరుకున్నాను.

తొందరేం లేదన్నాడు కదా.